పదిహేను జిరాక్సులు

మా తమ్ముడు పోయిన మూడో రోజుకి నా చెవుల్లో మూడే మూడు మాటలు తిరుగుతున్నాయి. "అంతవరకే రాసిపెట్టి ఉంది." "మంచివాళ్లకే ఇలా అవుతుంది." "ఏది జరిగినా మన మంచికే." ఆ మూడోది అన్న పెద్దావిడ, అనేశాక తనే ఉలిక్కిపడింది. అమ్మ చెయ్యి పట్టుకుని, లేచి వెళ్లేదాకా ఇంకో మాట మాట్లాడలేదు. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆ మాటకంటే, తర్వాత నోరు మూసుకుని కూర్చున్న అరగంటే నాకు గుర్తుంది.

వాడు రెడ్ లైట్ పడితే ఆగాడు. హెల్మెట్ ఉంది, బకిల్ కూడా పెట్టుకున్నాడు. తన లైన్లోనే ఉన్నాడు. వెనకనుంచి లారీ వచ్చింది. అంతే. సిగ్గు విడిచి చెప్తున్నాను, మొదటి వారమంతా నేను కోరుకున్నది ఒకటే: తప్పు వాడిదే అయ్యుంటే బాగుండునని. ఫోన్ చూస్తూనో, తాగేసో, రాంగ్ రూట్లోనో పోయుంటే కనీసం వాణ్ని తిట్టుకునేదాన్ని. బుద్ధిగా సిగ్నల్ దగ్గర ఆగినందుకు చచ్చిపోయినవాణ్ని ఏమని తిట్టుకోవాలి?

ఎలా జరిగిందో తర్వాత తెలిసింది. ఆ డ్రైవర్ వరసగా రెండో రాత్రి బండి నడుపుతున్నాడు. కునుకు పట్టింది. మధ్యలో మార్చుకోవడానికి ఇంకో డ్రైవర్ లేడు. పెట్టాల్సిన యజమాని పెట్టలేదు. అంటే "ఎలా" అన్నదానికి జవాబు దొరికింది. దొరకాలి కూడా, రేపు ఇంకొకరి తమ్ముడు సిగ్నల్ దగ్గర ఆగుతాడు కదా. "వాడే ఎందుకు, ఆ నిమిషంలోనే ఎందుకు" అన్నదానికి మాత్రం జవాబు లేదు. ఎక్కడో దాక్కుని ఉందని, వెతికితే దొరుకుతుందని కూడా అనుకోను. అసలు లేదు. ఈ రెండు ప్రశ్నల్నీ మనం కలిపేసి ఒకటే "ఎందుకు"తో అడుగుతాం. అక్కడే దారి తప్పుతాం అని నా వాదన.

నాలుగో రోజు పొద్దున ఒక కుర్రాడు వచ్చాడు. తమ్ముడి ఆఫీసువాడు, నేను అంతకుముందు రెండుసార్లు చూసుంటాను. కూర్చోమంటే కూర్చోలేదు. "అక్కా, వాడి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫోన్ నంబరు ఎవరి పేరున ఉందో ఆ కాగితం, ఇవి మూడూ ఇవ్వగలరా?" అన్నాడు. ఇచ్చాను. సాయంత్రం మళ్లీ వచ్చాడు, చేతిలో నీలం రంగు అట్ట ఫైలుతో. అందులో లోపల అరలుగా విడదీసి, ఒక్కోదానికి ఓ కాగితం ముక్క అంటించి, గుండ్రటి అక్షరాలతో రాశాడు: బ్యాంకు. ఇన్సూరెన్సు. పీఎఫ్. ఫోను. బండి. కోర్టు. డెత్ సర్టిఫికెట్ రాగానే పదిహేను జిరాక్సులు తీయించి తెచ్చాడు. "ఎక్కడికెళ్లినా ఒకటి అడుగుతారక్కా. ప్రతిసారీ జిరాక్సు షాపులో నిలబడి దాన్ని చూస్తూ ఉండక్కర్లేదు" అన్నాడు.

ఆ రెండో వాక్యం అర్థం కావడానికి నాకు నెల పట్టింది. వాడి పేరు పక్కన "మరణించిన తేదీ" అన్న గడి ఉన్న కాగితం మిషన్ గాజుపలక మీద బోర్లా పడుకోవడం, వెలుతురు దాని కిందనుంచి పాకడం, ఇంకో కాపీ బయటికి రావడం. ఒక్కసారి చూశాను, చాలు. ఆ కుర్రాడు నాకు పదిహేనుసార్లు తప్పించాడు.

దయ అన్న మాటతో నాకు కొంచెం పేచీ ఉంది. మన భాషలో దయ పైనుంచి కిందికి కారుతుంది. దేవుడు దయ చూపిస్తాడు, దొరలు దయచేస్తారు. కనికరం కూడా అలాంటిదే. జాలి సంగతి ఇక చెప్పక్కర్లేదు, ఎవరి మీద పడుతుందో వాళ్లకే తెలుస్తుంది దాని బరువు. పక్కన నిలబడి చేసేదానికి మనకు వేరే మాట ఉంది: చేదోడువాదోడు. చేదోడు అంటే చేతి తోడు, వాదోడు అంటే నోటి తోడు. పాతవాళ్లు చేతిని ముందు పెట్టారు, గమనించారా? దుఃఖం వచ్చిన ఇంట్లో వాదోడుకి కొదవుండదు. చేదోడు దొరకడమే కష్టం. ఇకనుంచి ఈ వ్యాసంలో దయ అన్నచోటల్లా నా మనసులో ఉన్నది ఆ పదిహేను జిరాక్సులే.

అర్థంలేని చావుకి బలవంతంగా అర్థం పుట్టిస్తే ఏమవుతుందో చూడాలంటే అమెరికాలోని న్యూటౌన్ వైపు చూడాలి. 2012 డిసెంబర్ 14న శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఓ ఇరవయ్యేళ్లవాడు 20 మంది పిల్లల్ని, ఆరుగురు పెద్దల్ని కాల్చి చంపాడు. ఏడాది దర్యాప్తు చేశాక కూడా అధికారులు ఇదీ కారణం అని తేల్చి చెప్పలేకపోయారు. కారణం లేకపోవడం కొందరికి గొంతులో వెలక్కాయలా అడ్డంపడింది. రేడియోలో, ఇంటర్నెట్‌లో అలెక్స్ జోన్స్ అనే ఆయన ఓ కారణం తయారుచేసి పెట్టాడు: అసలు ఎవరూ చనిపోలేదు, ఇదంతా తుపాకులు లాక్కోవడానికి ప్రభుత్వం ఆడించిన నాటకం, ఏడుస్తున్న తల్లిదండ్రులంతా నటులు.

సంఘటన జరిగిన మర్నాడు రాత్రి ఒక తండ్రి కెమెరాల ముందుకొచ్చాడు. ఆరేళ్ల కూతురిని పోగొట్టుకున్న మనిషి. కూతురి గురించి నాలుగు మాటలు చెప్పి, కాల్చినవాడి కుటుంబానికి కూడా సానుభూతి తెలిపాడు. చనిపోయినవాళ్ల ఇంటినుంచి వచ్చిన మొదటి మాటల్లో అదొకటి. మైకు దగ్గరికి వచ్చే ముందు క్షణంలో అతని ముఖం మీద ఒక చిరునవ్వు మెరిసింది. పరిచయస్తులెవరో పలకరిస్తే మనందరికీ వచ్చే నవ్వే. ఆ రెండు సెకన్లు పట్టుకుని, వీడు నటుడు చూడండి అని ఏళ్ల తరబడి అతన్ని వేధించారు. ఊరు మారినా వదల్లేదు. చివరికి 2022లో కనెటికట్ జ్యూరీ బాధితులకు దాదాపు 96.5 కోట్ల డాలర్లు కట్టాలని జోన్స్‌కి చెప్పింది.

వేధించినవాళ్లందరూ పుట్టుకతో రాక్షసులని నేననుకోను. ఏ కారణమూ లేకుండా పిల్లలు చనిపోగలరన్న సంగతి మింగుడుపడనివాళ్లు కొందరు అందులో ఉంటారు. మా ఇంట్లో "రాసిపెట్టి ఉంది" అన్న పెద్దాయనకీ వీళ్లకీ నడుమ ఆమడల దూరం ఉంది, కానీ బయల్దేరిన చోటు ఒకటే. ఇద్దరికీ కారణం కావాలి. ఒకాయన కారణం ఎవరినీ కొట్టలేదు, ఇంకొకాయన కారణం కొట్టింది.

అలాగని మంచి మనసుతో చేసిందల్లా మంచిదైపోదు. అదే న్యూటౌన్‌కి ప్రపంచం నలుమూలలనుంచి 60,000కు పైగా టెడ్డీబేర్లు వచ్చాయి. ఆ ఊరి జనాభా 28,000 దాటదు. తలకి రెండేసి బొమ్మలు! వాటికి గిడ్డంగి వెతకాలి, దించుకోవాలి, లెక్క రాయాలి, ఇదంతా చెయ్యడానికి మనుషులు కావాలి. ఆఖరికి చాలా బొమ్మల్ని వేరే చోట్ల పిల్లలకి పంపించేశారు. పంపినవాళ్లను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. టీవీ ముందు కూర్చుని చేతులు ఊరుకోక ఏదో ఒకటి చెయ్యాలనుకున్నారు, నేనైనా అదే చేసేదాన్నేమో. కాకపోతే ఆ కుర్రాడు మా ఇంటికి బొమ్మ తేలేదు. ఏ మూడు కాగితాలు కావాలో అడిగాడు. "నాకేం చెయ్యాలనిపిస్తోంది" అన్న ప్రశ్నకి జవాబు టెడ్డీబేరు. "వీళ్లకిప్పుడు ఏం కావాలి" అని అడిగితే వచ్చే జవాబు సాధారణంగా చప్పగా, ఫొటోకి పనికిరానిదిగా ఉంటుంది.

ఇక నికెల్ మైన్స్ గురించి చెప్పకుండా ఈ మాట నడవదు. చాలామందికి తెలిసిందే, కానీ చెప్పుకునేటప్పుడు సగమే చెప్పుకుంటాం.

2006 అక్టోబర్ 2. అమెరికాలోని పెన్సిల్వేనియా, లాంకాస్టర్ కౌంటీలో నికెల్ మైన్స్ అనే పల్లె. కారూ కరెంటూ లేకుండా బతికే ఆమిష్ అనే క్రైస్తవ సమాజం వాళ్ల ఒక్క గది బడి. ఆ చుట్టుపక్కల పాడి రైతుల దగ్గర పాలు ఎత్తే ట్యాంకరు నడిపే మనిషి తుపాకులతో బడిలోకి వచ్చాడు. మగపిల్లల్ని బయటికి పంపేసి, పదిమంది ఆడపిల్లల్ని ఉంచేశాడు. అందర్నీ కాల్చి తనను తాను కాల్చుకున్నాడు. ఐదుగురు చనిపోయారు. భార్యకి రాసిపెట్టిన ఉత్తరంలో, తొమ్మిదేళ్ల కిందట పుట్టిన కాసేపటికే పోయిన తమ బిడ్డ గురించి, దాని మూలంగా దేవుడి మీద పెరిగిన కోపం గురించి ఉంది. అంటే అతను కూడా ఒకప్పుడు కారణం లేని చావుని చూసినవాడే. తొమ్మిదేళ్లు "ఎందుకు" అని అడిగి అడిగి, చివరికి ఆ ప్రశ్నని తీసుకెళ్లి వేరేవాళ్ల పిల్లల మీద పెట్టాడు.

ఆ సాయంత్రమే ఆమిష్ పెద్దలు కొందరు హంతకుడి భార్య దగ్గరికి, తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లారు. మీ మీద మాకు ద్వేషం లేదు, ఇక్కడే ఉండండి అని చెప్పడానికి. అతని ఖననానికి వచ్చినవాళ్లలో సగం మందిదాకా ఆమిష్ వాళ్లే, అందులో ముందురోజుల్లో సొంత బిడ్డల్ని పాతిపెట్టి వచ్చినవాళ్లూ ఉన్నారు. తమకి వచ్చిన విరాళాల్లో కొంత ఆ భార్యాపిల్లలకి ఇచ్చారు. పది రోజులకి ఆ బడిని నేలమట్టం చేసి, ఆ చోటుని పచ్చిక బయలుగా వదిలేశారు. సరిగ్గా ఆర్నెల్లకి దగ్గర్లోనే కొత్త బడి మొదలుపెట్టారు.

ఇక్కడిదాకా అందరూ చెప్పుకుంటారు. మిగతా సగం ఏంటంటే, బతికిన ఐదుగురిలో ఒక పాప తలకి తగిలిన గాయంతో మాట లేకుండా, కదలలేకుండా ఉండిపోయింది. హంతకుడి తల్లి ఏళ్ల తరబడి, దాదాపు ప్రతివారం, ఆ ఇంటికి వెళ్లేది. పాపకి స్నానం చేయించేది, కథలు చదివేది, పాటలు పాడేది. ఆలోచించి చూడండి. తన కొడుకు కాల్చిన పిల్ల ఒంటికి సబ్బు రాయడానికి ఆవిడకి ఎంత గుండె కావాలి? కాల్చినవాడి తల్లిని గడప దాటనిచ్చి, పిల్లని ఆమె చేతికిచ్చిన ఆ అమ్మానాన్నలకి ఇంకెంత కావాలి? మొదటి సాయంత్రం పలికిన మాట వాదోడు. తర్వాత ఏళ్లపాటు వారం వారం నడిచింది చేదోడు. మాటని నిలబెట్టింది అదే.

అయితే ఆ కథ చదివినప్పుడల్లా నాకు ఊపిరాడేది కాదు, చెప్తున్నాను. నేను డ్రైవర్ని క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదు. మరి నాకు దయ గురించి మాట్లాడే హక్కుందా?

ఎవరెట్ వర్తింగ్టన్ అని ఒక మనస్తత్వవేత్త ఉన్నాడు. క్షమ మీద ఏళ్లుగా పరిశోధన చేస్తున్న మనిషి. 1995 చివరిరోజు రాత్రి దొంగతనానికి వచ్చినవాడెవడో ఆయన తల్లిని ఆవిడ ఇంట్లోనే చంపేశాడు. ఆ సమయంలో ఓ బేస్‌బాల్ బ్యాట్ కంటబడితే, వాడు ఇక్కడుంటే దీంతో తల పగలగొడతానని తనే అన్నట్టు ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. క్షమ గురించి పుస్తకాలు రాసినాయన! నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే. క్షమలో రెండున్నాయంటాడాయన. పగ తీర్చుకోనని, మనిషిని మనిషిగానే చూస్తానని నిశ్చయించుకోవడం ఒకటి. లోపలి మంట చల్లారడం రెండోది. మొదటిది ఒక పూటలో జరగొచ్చు. రెండోది దాని ఇష్టం, ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆ ఆమిష్ తల్లిదండ్రుల్లో కొందరు కూడా తమ కోపం ఒక్కసారిగా తీరిపోలేదనే చెప్పారు. ఆ నిర్ణయాన్ని రోజూ మళ్లీ మళ్లీ తీసుకోవాల్సి వచ్చిందన్నారు.

దయకి ఆ మొదటిది చాలు అని నేను అనుకుంటున్నాను. ఒక్కోసారి అదీ అక్కర్లేదు. 1994లో ఒక అమెరికన్ కుటుంబం ఇటలీలో రాత్రిపూట కారులో పోతుంటే, నగల వ్యాపారి కారనుకుని పొరపాటున దొంగలు కాల్పులు జరిపారు. వెనక సీట్లో నిద్రపోతున్న ఏడేళ్ల నికొలస్ గ్రీన్ చనిపోయాడు. ఇంతకంటే అర్థంలేని చావు ఉంటుందా, కారు పోలిక కలిసిందని? తల్లిదండ్రులు ఆ పిల్లాడి అవయవాల్ని ఇటలీలోనే దానం చేశారు. ఏడుగురికి అందాయి. ఆ తర్వాతి పదేళ్లలో ఆ దేశంలో అవయవదానాలు మూడింతలయ్యాయి. ఈ మొత్తంలో దొంగల ప్రసక్తి ఎక్కడుంది? వాళ్లని క్షమించారా లేదా అన్నది వేరే కాగితం. ఆ పూట ఆసుపత్రిలో ఎవరికో గుండె కావాలి, ఎవరికో చూపు కావాలి. అంతవరకే.

అందుకే, పోగొట్టుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లి "క్షమించెయ్యండి, మీకే మనశ్శాంతి" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. 2015 జూన్‌లో అమెరికాలోని చార్ల్‌స్టన్‌లోని ఎమాన్యుయేల్ చర్చిలో బైబిల్ చదువుకుంటున్న తొమ్మిదిమంది నల్లజాతివాళ్లని ఒక తెల్లజాతి దురహంకారి కాల్చి చంపాడు. రెండు రోజులకే కోర్టులో కొందరు బంధువులు నిన్ను క్షమిస్తున్నాం అన్నారు. లోకం మొత్తం చేతులెత్తి మొక్కింది. అదే కుటుంబాల్లో క్షమించనివాళ్లూ ఉన్నారు, వాళ్లకి పత్రికల్లో అంత చోటు దక్కలేదు. క్షమించినవాళ్ల గొప్పతనాన్ని నేను తగ్గించను. కానీ వాళ్ల గొప్పతనం చూసి, ఇక మనం చెయ్యాల్సిందేమీ లేదని ఊపిరి పీల్చుకున్నవాళ్లు కూడా ఆ చప్పట్లలో ఉన్నారు. బాధితుడి దయ చూపించి మన బాధ్యత ఎగ్గొట్టడం అన్నిటికంటే సులువు.

ఇక్కడే మళ్లీ "ఎలా" అన్న ప్రశ్న వస్తుంది. న్యూజిలాండ్‌లో 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో ఒకడు 51 మందిని కాల్చి చంపాడు. చక్రాల కుర్చీలో ఉండే ఫరీద్ అహ్మద్ భార్య హుస్నా వాళ్లలో ఒకరు. చంపినవాణ్ని క్షమిస్తున్నానని ఆయన అన్నాడు. అదే దేశం పార్లమెంటు నెల తిరక్కుండా, ఏప్రిల్ 10న, అలాంటి సెమీ ఆటోమేటిక్ తుపాకుల్ని చాలావరకు నిషేధించింది. 119 ఓట్లు అటు, ఒక్కటి ఇటు. మరుసటి ఏడాది హంతకుడికి పెరోల్ లేని యావజ్జీవం వేశారు, ఆ దేశంలో అలాంటి శిక్ష అదే మొదటిది. ఆ తీర్పుకి ముందు కోర్టులో కొందరు బంధువులు నిన్ను క్షమించాను అన్నారు, కొందరు ఎన్నటికీ క్షమించను అన్నారు. రెండు మాటలూ ఒకే గదిలో పట్టాయి. దయ చూపిస్తే దోషి తప్పించుకుంటాడని భయపడేవాళ్లకి నేను చెప్పేది ఇదే: ఫరీద్ అహ్మద్ క్షమించినందుకు ఆ శిక్షలో ఒక్క రోజు తగ్గలేదు.

మా కేసు ఇంకా నడుస్తోంది. లారీ యజమాని పేరు కూడా అందులో ఉండాలని పట్టుబట్టింది నేనే. దానికోసం ఎన్నిసార్లైనా తిరుగుతాను.

పోయిన వాయిదాకి వెళ్లినప్పుడు కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఒళ్లో ఆ నీలం ఫైలు. పక్కన ఒక అమ్మాయి, పదహారు పదిహేడేళ్లుంటాయి, ఏదో ఫారం మోకాలి మీద పెట్టుకుని నింపుతోంది. పెన్ను రాయడం మానేసింది. విదిలించింది, అరచేతి మీద గీకి చూసింది. "ఆంటీ, పెన్నుందా?" అంది. తీసిచ్చాను. వంగి రాసుకుంటుంటే ఫారం మీద తండ్రి పేరు కనిపించింది. ఛార్జిషీటులో ఆ పేరు నేను ఎన్నిసార్లు చదివానో నాకే లెక్క లేదు.

ఏం అనిపించింది అని అడిగితే, పెన్ను లాక్కోవాలనిపించింది. నిజంగా చెయ్యి కూడా కదిలింది. ఆ పిల్ల రాత వంకరటింకరగా ఉంది. చిరునామా దగ్గర ఒక అక్షరం తప్పు రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది. వాళ్ల నాన్నకి రెండో రాత్రి కూడా బండి ఎక్కమని ఎవరు చెప్పారో, ఎక్కనంటే ఏమయ్యేదో ఈ పిల్లకి తెలిసుండదు. నాకు తెలుసు, ఫైల్లో ఉంది.

ఇంతలో ఆ అమ్మాయి తలెత్తి, పెన్ను తిరిగివ్వబోతూ నా ఒళ్లోకి చూసింది. ఫైలు అట్ట మీద ఆ కుర్రాడి గుండ్రటి అక్షరాల్లో మా తమ్ముడి పేరు, ఇంటిపేరుతో సహా. పెన్ను పట్టుకున్న చెయ్యి అలా ఆగిపోయింది. ముఖం పాలిపోయింది.

"సంతకం ఇంకా పెట్టలేదు కదమ్మా, పెట్టెయ్" అన్నాను.

పెట్టింది. అప్పుడే లోపల పేర్లు పిలిచారు, ఇద్దరం లేచాం. జడ్జిగారు సెలవులో ఉన్నారట. వచ్చే నెల పద్నాలుగుకి వాయిదా వేశారు. బయటికొచ్చేసరికి ఆ పిల్ల మెట్ల దగ్గర లేదు. పెన్ను దాని దగ్గరే ఉండిపోయింది.